ఒక గీత, పక్కన సంతకం

6 ఆగస్టు 2007, సోమవారం

రేపటి నుంచి నాకు ఉద్యోగం. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, మొదటిసారి. నవ్వొస్తోంది, భయమూ వేస్తోంది.

తుర్కపల్లిలో మందుల కంపెనీ. పిల్లల సిరప్‌లు చేస్తారు. అవి ఇక పెరూ దేశానికి పంపాలట. అక్టోబర్ చివర్లో అక్కడి నుంచి ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు వస్తారు, మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్లతో మాట్లాడతారు. అందుకని ఎనిమిది మందికి స్పానిష్‌లో నాలుగు ముక్కలు నేర్పాలి. క్వాలిటీ మేనేజర్ శ్రీనివాస్ గారు ఫోన్‌లో చెప్పింది ఇంతే. ప్రెజెంట్ టెన్స్ చాలు మేడం, జరిగిపోయినవాటితో మాకు పనిలేదు అన్నారు.

పెళ్లయిన కొత్తలో తార్నాకలో ఉండేవాళ్లం. మధ్యాహ్నాలు తోచక యూనివర్సిటీలో స్పానిష్ డిప్లొమా చేశాను. అప్పుడు మా అత్తగారు తెనాలి నుంచి ఉత్తరం రాయించారు, ఆ భాష ఎవరితో మాట్లాడతావమ్మా జానకీ అని. పద్నాలుగేళ్లుగా ఆ సర్టిఫికెట్ ప్రెషర్ కుక్కర్ గ్యారంటీ కార్డుతో కలిసి బీరువాలో పడుంది. ఇవాళ తీసి దుమ్ము దులిపాను.

7 ఆగస్టు, మంగళవారం

మేడ్చల్ నుంచి శామీర్‌పేట మీదుగా కంపెనీ క్యాబ్. క్లాసు క్యాంటీన్ వెనక ట్రైనింగ్ రూంలో, షిఫ్ట్ అయ్యాక నాలుగింటికి.

ఎనిమిది మంది. ఏడుగురు కుర్రాళ్లు, బీఎస్సీలు, ఐటీఐలు. అందులో ఒకడు పర్వతాలు, సిరప్ నింపే మెషీన్ ఆపరేటర్. వాళ్ల పొలం ఈ కంపెనీ కిందే పోయిందట, దానికి బదులు ఇంటికొక ఉద్యోగం. మీరు నిలబడ్డ కాడ మా నాయిన మక్కలేసెటోడు మేడం అన్నాడు. కాస్త పక్కకి జరిగాను, ఎందుకో.

ఎనిమిదో మనిషి దుర్గాబాయి. నలభై అయిదేళ్లుంటాయి. వాషింగ్ సెక్షన్‌లో సీసాలు కడుగుతుంది. నాలుగో తరగతి వరకే చదివింది. ఈమెని ఎందుకు పెట్టారని శ్రీనివాస్ గారిని అడిగాను. ఇన్‌స్పెక్టర్లకి ఆడవాళ్లు కూడా కనిపిస్తే బాగుంటుందట.

అటెండెన్స్ షీట్‌లో ఒక పేరు తప్పు రాశాను. అలవాటుగా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి వైట్‌నర్ సీసా తీశాను. గదంతా పాముని చూసినట్టు చూసింది. పర్వతాలు లేచి నిలబడి, లోపలికి వైట్‌నర్ తేనియ్యరు మేడం, గేట్ల ఎవలన్న చూస్తె మీరు పరేషాన్ అయితరు అన్నాడు. మందుల కంపెనీలో తప్పు చెరపకూడదట. తప్పు మీద ఒకే ఒక్క గీత, కింద అక్షరాలు కనపడేటట్టు. పక్కన సరైనది రాసి సంతకం, తేదీ. ఇంట్లో ట్యూషన్ పిల్లల నోట్సులు ఇన్నేళ్లు దిద్దినదాన్ని, మొదటి రోజే నాకు పాఠం చెప్పారు. షీట్ మీద గీత గీసి సంతకం పెట్టాను. వైట్‌నర్ బ్యాగులో అడుక్కి తోశాను.

16 ఆగస్టు, గురువారం

ఘోరంగా ఉంది. లవార్ అంటే కడగడం. లావో, లావాస్, లావా, లావామోస్, లావాన్. అందరూ కలిసి ఎక్కాల్లాగా గడగడా అప్పజెబుతారు. విడిగా ఒక్కణ్ని లేపి, 'మేము కడుగుతాం' అనమంటే పైకప్పు చూస్తాడు. ఇంగ్లీషులో విడమరిచి చెప్పాను, ఐ వాష్, యూ వాష్, వి వాష్ అని. ఇంకా అయోమయం. విసుక్కున్నాను. బీఎస్సీ ఎలా పాసయ్యారని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

18 ఆగస్టు, శనివారం

ఇవాళ దుర్గాబాయి చెయ్యెత్తింది. ఇది మన మాట లెక్కనే ఉన్నది గదా మేడం అంది. కడుగుత అంటె నేను. కడుగుతవ్ అంటె నువ్వు. కడుగుతది అంటె ఆమె. కడుగుతం అంటె మనం. ముందుగాల పేరు జెప్పకున్నా మాట తోక జూస్తె ఎవలో ఎరుకైతది. నడుమల గీ ఇంగ్లీషు ఎందుకు, అంది.

చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నిజమే. ఇంగ్లీషులో ఐ, యూ, వి, దే, ఎవరైనా వాష్ వాషే. తోకే లేని భాష పట్టుకుని తోకలు నేర్పిస్తున్నాను. తెలుగు నోట్లో పెట్టుకుని ఇంగ్లీషు గుండా ఎందుకు వెళ్లానో. నాకు నేర్పినాయన కూడా అలాగే నేర్పాడు, అందుకు.

బోర్డు తుడిచేశాను. ఒక వరసలో కడుగుతాను, కడుగుతావు అని రాశాను. వాళ్లు ఇబ్బందిగా కదిలారు. మేం గట్లనం మేడం అన్నాడు పర్వతాలు. మా గుంటూరు జిల్లా తెలుగే తెలుగనుకునే జబ్బు నాకూ ఉంది. తుడిచి కడుగుత, కడుగుతవ్, కడుగుతది, కడుగుతం, కడుగుతరు అని రాశాను. ఎదురుగా లావో, లావాస్, లావా, లావామోస్, లావాన్. అరగంటలో ఎనిమిది మందికీ వచ్చేసింది.

23 ఆగస్టు, గురువారం

తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు. పెద్దవాళ్లని, కొత్తవాళ్లని ఉస్తేద్ అనాలి అని చెప్పాను. మరి మీరు మమ్ముల ఎట్ల పిలుస్తున్రు మేడం అని అడిగింది దుర్గాబాయి. కోపంతో కాదు, తెలుసుకుందామనే.

ఆవిడ నాకన్నా ఏడేళ్లు పెద్ద. మొదటి రోజు నుంచి నువ్వు అంటున్నాను.

25 ఆగస్టు, శనివారం

దుర్గాబాయిని మీరు అన్నాను. పాఠం అలాగే సాగింది. నాకే చెవులు వేడెక్కాయి.

11 సెప్టెంబర్, మంగళవారం

క్లాసుకి వెళ్లేటప్పుడు ఇప్పుడు చీర ఎంచుకుంటున్నాను. ముప్ఫై క్రియలు అయ్యాయి. దుర్గాబాయి ఏబీసీడీలు కూడా నేర్చుకుని బోర్డు మీదివి తనే చదువుతోంది. ఎవరి పని వాళ్లు చెప్పగలరు. పర్వతాలు సిరప్ నింపుతాడు, రాస్తాడు, సంతకం చేస్తాడు: యేనో, అనోతో, ఫిర్మో. ఒక్కో మాటకి చేత్తో ఆ పని చేసి చూపిస్తాడు. దుర్గాబాయి ఇంట్లో మనవరాలికి అన్నం పెడుతూ కోమెస్ అని అడుగుతుందట, తింటావా అని. ఆ పిల్ల సీ అంటుందట. ఈ ముక్క విని క్యాబ్‌లో దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.

శ్రీనివాస్ గారు పిలిచి, ఆడిట్ సరిగ్గా జరిగితే జనవరి నుంచి మీరు మాకు పర్మనెంట్ మేడం అన్నారు. ట్రైనర్ కమ్ ట్రాన్స్‌లేటర్. ఐడీ కార్డు, టేబుల్, కుర్చీ. మావారు వెంకటేశ్వరరావు గారు జీడిమెట్లలో వాళ్ల ఆఫీసంతా చెప్పేశారు. నాకీ ఉద్యోగం కావాలి. చాలా కావాలి. రాసుకోవడానికి సిగ్గెందుకు.

4 అక్టోబర్, గురువారం

తేదీలు, అంకెలు ప్రాక్టీస్ చేయించడానికి, మీరు రోజూ రాసే కాగితం ఏదైనా జిరాక్స్ తెమ్మన్నాను. పర్వతాలు మెషీన్ గొట్టాలు కడిగినట్టు రాసే లాగ్‌బుక్ పేజీ తెచ్చాడు. నిలబడి తేదీలు చదువుతూ, ఒక్కోదానికి ఫిర్మో, ఫిర్మో అంటున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఉచ్చారణ బాగుందని తలాడిస్తున్నాను. అయిదు, ఆరు. ఆదివారం వదిలేసి ఎనిమిది, తొమ్మిది. పదమూడు దాకా చదివాడు.

ఇవాళ నాలుగో తారీఖు.

రాబోయే వారం కడగడాలకి సంతకాలు అయిపోయాయి. టైముతో సహా. పర్వతాలుకి ఇంకా తట్టలేదు, నేను మెచ్చుకుంటానని చూస్తున్నాడు. ఇదేమిటని అడిగాను. మా దగ్గర గంతే మేడం, ముందుగాలనే పెట్టేస్తం, అయినాంక టైం దొరకది అన్నాడు. అప్పుడు వెనక బెంచీలో ఒకడు దగ్గాడు. పర్వతాలు కాగితం కింద పెట్టేశాడు.

విడమరిచి చెప్పింది దుర్గాబాయే. ఒకే మెషీన్ మీద రెండు మందులు నింపుతారు. నెలల పిల్లలకి జ్వరం మందు, పెద్ద పిల్లలకి దగ్గు మందు. ఒకటి ఆపి రెండోది మొదలుపెట్టేటప్పుడు గొట్టాలు ఊడదీసి వేడినీళ్లతో కడగాలి. నలభై నిమిషాల పని. ఆ నలభై నిమిషాలు ఎవరూ ఇవ్వరు. అయిదు నిమిషాలు వేడినీళ్లు వదిలి మెషీన్ ఆన్ చేస్తారు. మొదటి సీసాలల్ల దగ్గు మందు వాసనొస్తది మేడం, మూత వెట్టేటోళ్లకు ఎరుకనే, అంది.

ఇవాళ క్లాసు తొందరగా ముగించాను.

5 అక్టోబర్, శుక్రవారం

మావారికి చెప్పాను. ఆయన పేపరు మడిచి, నువ్వు భాష చెప్పడానికి వెళ్తున్నావు, మెషీన్లు చూడ్డానికి కాదు అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. నా కోసమే అన్నారు.

6 అక్టోబర్, శనివారం

శ్రీనివాస్ గారికి జిరాక్స్ చూపించాను. ఇది ట్రైనింగ్ కాపీ మేడం అని నవ్వి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. తర్వాత ఒక టైపు చేసిన కాగితం ఇచ్చారు. ఆడిట్ రోజు ఎవరు ఏ వాక్యం చెప్పాలో. దుర్గాబాయి వాక్యం: ప్రతి బ్యాచ్ తర్వాత గొట్టాలు కడుగుతాను. స్పానిష్‌లో పెట్టి నేర్పించాలి.

ట్రైనింగ్ కాపీ కాదని నాకు తెలుసు. సరే సార్ అన్నాను.

9 అక్టోబర్, మంగళవారం

దుర్గాబాయి అననంది.

సీసలు కడుగుత, లావో అంట. గొట్టాలు నన్ను ముట్టనియ్యరు, కడగనిది కడుగుత అని ఎట్లంట మేడం, అంది. ఈ ఉద్యోగానికి ముందు పదేళ్లు అల్వాల్‌లో ఇళ్లలో గిన్నెలు తోమిందట. కడగని గిన్నెల ఒండి ఎవలకు పెట్టలే, అంది.

నేను చాలా చెప్పాను. ఇది వాక్యమే కదా, ప్రాక్టీసే కదా అన్నాను. ప్రెజెంట్ టెన్స్ అంటే ఇప్పుడు చేస్తున్నది అనే కాదు, మామూలుగా జరిగేది అని కూడా అర్థం అన్నాను. పుస్తకంలో ఉన్న సూత్రమే చెప్పాను. మామూలుగ జరుగుతలేదు గదా మేడం అంది. మిగతా ఏడుగురూ నోట్‌బుక్కుల్లోకి చూస్తున్నారు.

శ్రీనివాస్ గారితో ఆమెకి అంత పొడవు వాక్యం నోరు తిరగడం లేదని చెప్పాను. ఆమెకి తిరగనిది ఏదీ లేదు. ఆ ఎనిమిది మందిలో అందరికన్నా బాగా మాట్లాడేది ఆవిడే.

18 అక్టోబర్, గురువారం

దుర్గాబాయి బతుకమ్మకి చేసిన సత్తుపిండి డబ్బాలో పెట్టి తెచ్చిచ్చింది. తీసుకున్నాను.

29 అక్టోబర్, సోమవారం

ఆడిట్ బాగా జరిగింది. అందరూ చక్కగా మాట్లాడారు.

2 నవంబర్, శుక్రవారం

ఉద్యోగం లెటర్ వచ్చింది. జనవరి ఒకటి నుంచి. మావారు దేవుడి దగ్గర పెట్టారు. కాలనీలో రెండిళ్లకి స్వీట్లు పంచి వచ్చారు. నేను ముట్టుకోలేదు. పంటినొప్పి అని చెప్పాను.

6 నవంబర్, మంగళవారం

ఆడిట్ తర్వాత మూడు క్లాసులయ్యాయి. దుర్గాబాయి ఒక్కదానికీ రాలేదు. డ్యూటీకి వస్తోందట, క్లాసుకే రావడం లేదు.

రాయాలి. ఇరవై తొమ్మిదో తేదీ పేజీలో నేను రాసింది అబద్ధం. చదివేవాళ్లు ఎవరూ లేని డైరీలో కూడా అబద్ధం రాశాను.

జరిగింది ఇది. ఇన్‌స్పెక్టర్లు ఒక పెద్దాయన, ఒక ముప్ఫై ఏళ్ల అమ్మాయి. వాళ్లకి తర్జుమా చేయడానికి పక్కనే నేను. మా కుర్రాళ్లు వరసగా నిలబడి వాళ్ల వాక్యాలు చెప్పారు. పెద్దాయన మురిసిపోయాడు. పర్వతాలు నింపుతాను, రాస్తాను అన్నీ చెప్పి, సంతకం చేస్తాను అనే దగ్గర తడబడ్డాడు. దుర్గాబాయిని ఆ వరసలో పెట్టలేదు. ఆ రోజు సింక్ దగ్గరే ఉండమన్నారు. కానీ ఆ అమ్మాయి ఎవరూ చూపించని వైపుకి తనే నడిచింది. వాషింగ్ సెక్షన్‌లో దుర్గాబాయి ముందు ఆగి, నవ్వి, మర్యాదగా ఉస్తేద్ అని పిలిచి, బ్యాచ్ మారినప్పుడల్లా గొట్టాలు కడుగుతారా అని అడిగింది.

దుర్గాబాయికి ప్రశ్న అర్థమైంది. నేను తెలుగులో చెప్పకముందే అర్థమైంది. అందులో నేను నేర్పని మాట ఒక్కటీ లేదు. అయినా నా వైపు తిరిగి తెలుగులోనే జవాబు చెప్పింది, ఇంత సంగతి స్పానిష్‌లో పట్టదనుకుందేమో. గొట్టాలు కడగం మేడం. నలబై నిమిషాలు టైమియ్యరు. వేడినీళ్లు ఇడుస్తం, గంతే. పుస్తకంల సంతకాలు ముందుగాలనే అయితయి. నిదానంగా చెప్పింది. నేను తర్జుమా చేసుకోవడానికి ఒక్కో ముక్క దగ్గర ఆగింది కూడా.

శ్రీనివాస్ గారు నా వెనకే ఉన్నారు. ఆయన ఒక్క మాట అనలేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఇది రాసిపెట్టుకోవాలి, లేకపోతే కొన్నాళ్లకి ఆయన మీదకి తోసేస్తాను.

సీ, లావా. సియెంప్రే లావా. అవును, కడుగుతుంది. ఎప్పుడూ కడుగుతుంది. నేనే అన్నాను. నా నోటితో, నా మంచి ఉచ్చారణతో.

ఆ అమ్మాయి రాసుకుంది. థాంక్స్ చెప్పి తన కార్డు నా చేతిలో పెట్టింది.

దుర్గాబాయి నన్ను చూసింది. వేరే ఎవరైనా అయితే నేనేమన్నానో తెలిసేది కాదు. ఆవిడకి తెలిసింది. నేనే నేర్పాను, బాగా నేర్పాను. నో లావామోస్, కడగం అని ఆవిడ అనగలదు. రెండే మాటలు, వచ్చు. నోరు తెరిచింది కూడా. మళ్లీ మూసుకుంది. చేతులు నీళ్లలో పెట్టి సీసా తీసుకుంది.

11 నవంబర్, ఆదివారం

దుర్గాబాయి వాళ్ల ఊరు లాల్‌గడి మలక్‌పేట్ వెళ్లాను. మావారికి శామీర్‌పేటలో ఒక ఫ్రెండ్ ఇంటికని చెప్పాను. రెండు బస్సులు. ఊరి మొదట్లో కొత్త ప్లాట్ల రాళ్లు పాతి ఉన్నాయి, వాటి మధ్య జొన్న. దుర్గాబాయి ఇల్లు అడిగితే ఆవిడ మనవరాలే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. నేనెవరో తెలిసి, సీ సీ అని ఒకటే గంతులు.

దుర్గాబాయి వాకిట్లో కుర్చీ వేసింది. తను గడప మీద కూర్చుంది. చాయ్ ఇచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే లేచి వచ్చేసేదాన్ని, తేలికగా ఉండేది. చాయ్ తాగాక నేనే అడిగాను. మీకు తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నారు, మీకు ఆ మాట వచ్చు కదా అని.

నేను నోరిప్పితె మీ ఇజ్జత్ పోతుండె గదా మేడం అంది. గంత మంది ముంగట. నాకు సదువు జెప్పినోళ్లు.

ఇంతకన్నా రాయలేను. ఆ వాకిట్లో ఏడ్చాను. మనవరాలు వచ్చి నా మొహంలోకి తొంగి చూసింది, దుర్గాబాయి దాన్ని లోపలికి పంపింది.

కొంచెం తేరుకున్నాక, ఇప్పుడేం చేయాలో తెలియడం లేదన్నాను. ఆ అమ్మాయి కార్డు నా దగ్గరే ఉందన్నాను. రాస్తే కంపెనీ ఏమవుతుందో, మీరంతా ఏమవుతారో అన్నాను. దుర్గాబాయి ఖాళీ గ్లాసు కింద పెట్టింది. నిజమే, భయమైతది, అంది. పర్వతాలుకు మొన్ననే బిడ్డ పుట్టింది. ఆ పిలగాన్ని అడగకుంట ఏం జెయ్యద్దు, అంది. ఆపైన, పుస్తకంల తప్పు వడితె ఏం జేస్తరో మీకు మొదటి దినమే జెప్పినం గదా మేడం అంది. చెరపద్దు, దాచద్దు, గీత గొట్టి పక్కకు రాసుడే.

మీ నౌకరీ పోతే అన్నాను. గిన్నెలు యాడికి వోయినా ఉంటయి, అంది.

13 నవంబర్, మంగళవారం

క్లాసయ్యాక పర్వతాలుని ఆపి అంతా చెప్పాను. వాడు బల్ల అంచు గోకుతూ విన్నాడు. పొలం వోయి గీ నౌకరచ్చింది, గిది గూడ పోతె మా నాయినకు ఏం జెప్పాలె మేడం, అన్నాడు. నీ పేరు రాయను, ఎవరి పేరూ రాయను, నేను తప్పు తర్జుమా చేశానని, ఆవిడ నిజంగా అన్నదేమిటో మాత్రం రాస్తాను అన్నాను. సంతకాలల్ల నా పేరే ఉన్నది గదా అన్నాడు. వెళ్లిపోయాడు.

15 నవంబర్, గురువారం

పొద్దున్నే ఫోన్. పర్వతాలు. వాళ్ల పాపకి రాత్రి నుంచి జ్వరమట. డాక్టర్ సిరప్ రాసిచ్చాడట. మన కంపెనీది కాదు మేడం అన్నాడు. మూత దీసి వాసన జూసిన, అన్నాడు.

రాయున్రి మేడం, దుర్గమ్మను నేనే బండి మీద తీసుకొస్త, అన్నాడు.

17 నవంబర్, శనివారం

మేడ్చల్ బస్టాండ్ ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్. దుర్గాబాయి నా పక్క కుర్చీలో. పర్వతాలు లోపలికి రాలేదు, బయట బండి మీదే కూర్చున్నాడు.

ఆ ఇన్‌స్పెక్టర్ అమ్మాయి కార్డు మీదున్న ఈమెయిల్‌కి, మొదట నేను ఎవరో, ఆ రోజు ఏం చేశానో రాశాను. అది నా సంగతి, నాకొచ్చిన స్పానిష్ అంతా పెట్టి రాశాను. తర్వాత దుర్గాబాయి మాటలు. అవి మాత్రం ఆవిడ చదవగలిగేట్టు, నేను నేర్పిన క్రియలతోనే రాశాను. గొట్టాలు కడగరు అని రాశాను. స్క్రీన్ మీద వేలు పెట్టి చదివి, కడగరు అని రాసిన్రేంది మేడం అంది. కడగం అని రాయున్రి, నేను గూడ ఆడనే ఉన్న గదా. మార్చాను. నో లావామోస్ లోస్ తూబోస్. ఫిర్మామోస్ ఆంతెస్. గొట్టాలు కడగం. ముందే సంతకం చేస్తాం.

సెంటర్ కుర్రాడు తలెత్తి చూసేటంత గట్టిగా చదివింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. కింద నా పేరు కొట్టాను. తన పేరు కూడా పెట్టమంది. వద్దన్నాను. నేనన్న మాటకు నా పేరుండాలె గదా, అంది. పెట్టాను.

సెండ్ నొక్కాను. ఆవిడ చెయ్యి నా మణికట్టు మీద ఉంది. నీళ్లలో నాని నాని గరుగ్గా ఉంది ఆ చెయ్యి.

ఇంటికొచ్చి మావారికి అంతా చెప్పాను. దేవుడి దగ్గర ఉన్న లెటర్‌ని ఆయన తీయలేదు.

27 నవంబర్, మంగళవారం

క్యాబ్ రాలేదు.

28 నవంబర్, బుధవారం

శ్రీనివాస్ గారి ఫోన్. ఇక రానవసరం లేదన్నారు. పెరూ వాళ్లు ఆర్డర్ ఆపేశారు, మళ్లీ చూడ్డానికి వస్తారట. అరుస్తారనుకున్నాను. అరవలేదు. అలసిపోయిన గొంతు. రోజుకి ఇన్ని సీసాలు అని నాకూ పైనుంచి చెప్తారు మేడం అన్నారు. తెలుసు సార్ అన్నాను. నాకు నిజంగానే ఆయన మీద కోపం రాలేదు. నేనూ అలాగే కదా.

ఫోన్ పెట్టేశాక లెటర్ నేనే తీసి బీరువాలో పెట్టాను. కుక్కర్ గ్యారంటీ కార్డు పక్కన.

15 డిసెంబర్, శనివారం

పర్వతాలు ఇంటికొచ్చాడు. సాయంత్రం నాలుగింటికి, నోట్‌బుక్ పట్టుకుని. అలవాటయి వచ్చానన్నాడు. టీ ఇచ్చాను. మావారు బయటికొచ్చి పలకరించి, కుర్చీ జరిపి కూర్చున్నారు.

ఇప్పుడు బ్యాచ్ మారితే గొట్టాలు ఊడదీస్తున్నారట. గోడకి కొత్త గడియారం పెట్టారు, నలభై నిమిషాలు. కడిగాకే సంతకం. తన ఉద్యోగం ఉంది, మెమో ఇచ్చారు. దుర్గాబాయిని వాషింగ్ సెక్షన్ నుంచి తీసేసి క్యాంటీన్‌లో వేశారు. ప్లేట్లు కడుగుతోంది. గొట్టాలు కడిగే రోజులొచ్చేసరికి ఆవిడని అక్కడ ఉండనివ్వలేదు. ఆవిడ బాధపడిందా అని అడిగాను. మస్తు బాధ వడ్డది మేడం అన్నాడు. తొమ్మిదేండ్లు ఉన్నది ఆడ.

తర్వాత నోట్‌బుక్ తెరిచాడు. ఇగ పాస్ట్ టెన్స్ జెప్పున్రి అన్నాడు. జరిగినయి గూడ జెప్పరావాలె గదా.

ఆదివారాలు రమ్మన్నాను. దుర్గమ్మను కూడా తీసుకురా అన్నాను. వస్తదో రాదో మేడం, అడుగుత అన్నాడు.

23 డిసెంబర్, ఆదివారం

పర్వతాలు ఒక్కడే వచ్చాడు.

30 డిసెంబర్, ఆదివారం

ఇద్దరూ వచ్చారు.

31 డిసెంబర్ 2007, సోమవారం

ఈ డైరీలో చివరి పేజీ. వెనక్కి తిప్పి అక్టోబర్ 29 తీశాను. వైట్‌నర్ సీసా ఇంకా బ్యాగు అడుగునే ఉంది. తీయలేదు.

రెండు వాక్యాల మీద ఒక్క గీత. కింద అక్షరాలు కనిపిస్తున్నాయి. పక్కన:

ఆమె 'కడగం' అంది. నేను 'కడుగుతుంది' అన్నాను.

జానకీదేవి, 31.12.2007